తోక కత్తిరించిన గుర్రం

పైమేత, కరా-అర్చా పార్కు
జూన్

గులాయిమ్ అక్కకి,

మేం పైకొచ్చేశాం. గుడారం వేసుకున్నాం, పొయ్యి కుదిరింది. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి పోయినేడులాగే ఉత్తరాలే. సుబాన్‌కుల్ లారీ మాకు రొట్టెలు దింపి, యాత్రికుల సంచులు ఎక్కించుకుని నరీన్ పోతుంది. ఈ ఉత్తరం నీ క్యాంటీన్‌లోనే ఇస్తానన్నాడు. బదులుగా నీ చేతి మంతీ కుడుములు ఒక పళ్ళెం పెట్టాలట. పెట్టు.

ఈసారి పార్కు వాళ్ళు మాకు మూడు దారులు కలిసేచోట జాగా ఇచ్చారు. రాళ్ళకి తెల్లరంగు వేసింది నడిచేవాళ్ళ దారి, ఎర్రరంగుది సైకిళ్ళ దారి, పచ్చరంగుది గుర్రాల దారి. మూడూ మా గుమ్మం ముందే విడిపోతాయి. నేను పొద్దున్నే గుర్రాల పాలు పిండుతుంటే కర్రలు పట్టుకున్నవాళ్ళూ, గట్టి టోపీల వాళ్ళూ చుట్టూ నిలబడి ఫోటోలు తీస్తారు. నాకు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియదు. "వాళ్ళనెందుకు చూస్తావు, పాలు చూసుకో" అంటుంది అత్తయ్య. అది కొంచెం నయం.

అసలు సంగతి వేరే ఉంది. మామగారి బూడిదరంగు గుర్రం కనబడకుండా పోయింది.

ఆయన పోయినప్పుడు అత్తయ్య తన చేత్తోనే దాని తోకా జూలూ కత్తిరించి మందలో వదిలింది, నువ్వూ చూశావు. పైకి తోలుకొచ్చిన కొత్తలో కర్రలతో నడిచే ఒక పెద్దావిడ ఆ తోక చూసి, దానికేం జబ్బు అని అడిగింది. మావారు ఓపిగ్గా చెప్పారు. "జబ్బు కాదమ్మా. అది మా నాన్న గుర్రం. ఏడాదిపాటు దాన్నెవరూ ఎక్కరు. ఏడాది నిండాక ఆష్ విందులో కోస్తాం. పైలోకంలో నాన్న దానిమీదే తిరుగుతాడు." ఆవిడ ఆలోచించి, "ఈలోగా ఎవరైనా ఎక్కేస్తే?" అంది. "అప్పుడది నాన్నది కాకుండా పోతుంది. ఆష్‌కి పనికిరాదు. నాన్న అక్కడ కాలినడకన తిరగాల్సిందే." "అయ్యో, నాలాగే అన్నమాట" అని ఆవిడ కర్రలు ఊపుతూ తెల్లరాళ్ళ వెంట వెళ్ళిపోయింది. ఆ వారంలోనే గుర్రం మాయమైంది.

కిందినుంచి పెదమామగారు వచ్చారు. తమ్ముడి ఆష్ జరిపించాల్సింది ఆయనే కదా. పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె కూడా ముట్టుకోకుండా, "ఇంకెవరు? ఇషెన్ పనే" అన్నారు. మామగారు బతికుండగా ఇషెన్ అన్నయ్య ఆ గుర్రాన్ని అడిగాడట, మామగారు ఇవ్వలేదట. అంతే సాక్ష్యం. మావారి స్నేహితుడే కదా, ఇషెన్ అన్నయ్య గుడారం వాగుకి అవతలే. నాకు పాలు పిండటం నేర్పింది వాళ్ళావిడ సయ్రా వదిన. యాత్రికుల్ని గుర్రాలమీద తిప్పడం తప్ప వాళ్ళకి ఇంకో పని లేదు. గైడు పర్మిట్ తీసేయమని పెదమామగారు పార్కు ఆఫీసుకి చెబుతారట.

అత్తయ్య ఏమీ అనలేదు. మావారూ ఏమీ అనలేదు. ఇంకొకటి అక్కా, నీకు మాత్రమే చెబుతున్నాను. మొన్న ఆయన యాత్రికులతో పచ్చరాళ్ళ దారిలో వెళ్ళొచ్చానన్నారు. ఆయన గుర్రం కాళ్ళకి ఎర్రమట్టి అంటుకుని ఉంది. పచ్చరాళ్ళ దారిలో ఎర్రమట్టి లేదు. అది ఉన్నది పార్కు వాళ్ళు రాళ్ళు పడుతున్నాయని హెచ్చరిక పలక పెట్టి మూసేసిన లోయ దగ్గరే.

నీ చెల్లెలు
కనిషాయ్


నరీన్
జూన్

కనిషాయ్‌కి,

నీ సుబాన్‌కుల్ ఒక పళ్ళెం కాదు, రెండు తిన్నాడు. తిని, "మీ చెల్లెలు మాట్లాడదుగానీ ఉత్తరం మాత్రం బరువుగా ఉందే" అన్నాడు. నీ నోట్లోంచి రాని మాటలన్నీ నాకు పంపుతావని వాడికి తెలియదు పాపం.

పిచ్చిదానా, ఎర్రమట్టి చూసి నాకు రాస్తావా? ఆయన్నే అడగొచ్చుగా? అడగవులే. మన అమ్మ నీకు తల వంచడం నేర్పింది, నాకు నేర్పేలోపు అలిసిపోయింది. సరే, నేను చెబుతా విను. మగవాడు ఒక దారిలో వెళ్ళి ఇంకో దారి పేరు చెబితే కారణం ఉంటుంది. మీ మామ గుర్రం మామూలుది కాదు. దాని నడకకి ఈ చుట్టుపక్కల పేరుంది. మీద గిన్నెడు టీ పెట్టినా తొణకదనేవాళ్ళు. కనుమ అవతలి వాళ్ళకి అలాంటి గుర్రం దొరికితే, తోక పెరిగేదాకా దాచి, తర్వాత దర్జాగా దానిమీద యాత్రికుల్ని తిప్పుకుంటారు. మీ ఆయన ఎర్మెక్ చెడ్డవాడని నేననను. కానీ కొడుకులకి తండ్రి మీద ఏ కోపాలుంటాయో కోడళ్ళకి ఎవరూ చెప్పరు.

అరవకు, ఏడవకు. చూస్తూ ఉండు. ఏ దారిలో వెళుతున్నాడు, చేతిలో ఏం పట్టుకెళుతున్నాడు, తిరిగొచ్చేటప్పుడు ఏం లేదు, అంతే చూడు.

పార్కు ఆఫీసు వాళ్ళు మధ్యాహ్నం మా క్యాంటీన్‌లోనే తింటారు. ఇషెన్ సంగతి నిజమే. మీ పెదమామ ఫిర్యాదు అందింది. "దొంగ అని పేరొచ్చినవాడి వెంట విదేశీయుల్ని కొండల్లోకి పంపుతామా" అంటున్నాడు అధికారి, నూడుల్స్ జుర్రుకుంటూ.

మీ బెక్‌టుర్ బావ నడుంనొప్పి అలాగే ఉంది. పిల్లలు బాగున్నారు.

అక్క
గులాయిమ్


పైమేత, కరా-అర్చా
జూలై

గులాయిమ్ అక్కకి,

నువ్వు చూడమన్నావు. చూస్తున్నాను. చూడకుండా ఉంటేనే బాగుండేది.

స్వారీ గుర్రాలకి పెట్టే బార్లీ సంచి తగ్గుతోంది. నేను మూతిని నాకు తెలిసేలా ముడివేసి పెడతాను. మర్నాటికి ముడి వేరేగా ఉంటుంది. మందలో తిరిగే గుర్రాలకి గడ్డి తప్ప మేం బార్లీ పెట్టం. మరి ఎవరు తింటున్నారు?

సైకిళ్ళ వాళ్ళు కొందరు రొట్టె కోసం ఆగారు. ఒంటినిండా బురదే. ఎర్రరాళ్ళ దారి పైభాగంలో, మూసేసిన లోయ అంచున ఒకచోట నిలబడి కిందికి ఫోటో తీశారట. వాళ్ళలో ఒక పిల్ల తన ఫోను నా ముఖం ముందు పెట్టి, వేళ్ళతో కత్తెరలా చేసి చూపించి నవ్వింది. బొమ్మలో అర్చా చెట్ల పక్కన బూడిదరంగు గుర్రం. తోక పొట్టిది. బతికే ఉంది అక్కా. ఇదేం జాతి అని అడుగుతోంది కాబోలు. నేను రొట్టె చేతిలో పెట్టి తల అడ్డంగా ఊపాను.

ఎందుకు చెప్పలేదంటావా? ఆ పక్కనే అత్తయ్య కుమిస్ చిలుకుతోంది. బొమ్మ సంగతి చెబితే ఆమె కొడుకు గురించి చెప్పినట్టే కదా. చిలికే చప్పుడు ఆగలేదు గానీ ఆమె మావైపే చూస్తోందనిపించింది.

సాయంత్రం ఆయన వచ్చాక ధైర్యం చేశాను.

"ఇవాళ ఏ దారి?" అన్నాను.

"పచ్చది. ఇంకేముంది?"

"ఇషెన్ అన్నయ్య కూడా అటే వెళ్ళాడా?"

ఆయన గబుక్కున నావైపు తిరిగారు. "వాడి గురించి నీకెందుకు? సయ్రా ఏమైనా అడగమందా?"

"లేదు."

"వాగు దాటి వాళ్ళింటికి పోవడం కొన్నాళ్ళు మానెయ్."

బూట్లు విప్పి గుమ్మం బయటే దులిపారు. ఎర్రమట్టి రాలింది. ఆయన దాన్ని కాలితో గడ్డిలోకి తోసేశారు.

అక్కా, ఆయన గుర్రాన్ని దాచి, నింద పక్కవాడిమీద పడుతుంటే చూస్తూ కూర్చున్నారంటే, నేను ఎవరి పక్కన పడుకుంటున్నాను? నిన్న సయ్రా వదిన వాగు అవతల నిలబడి చెయ్యెత్తింది. నేను చూడనట్టు బిందె తీసుకుని వచ్చేశాను.

కనిషాయ్


నరీన్
జూలై

నా బంగారు చెల్లెలికి,

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. నీకొక స్కార్ఫు పంపుతున్నాను. నీలం పూలది, నువ్వు బజారులో చెయ్యివేసి చూసి వదిలేశావే, అదే. పిల్లలకి తెచ్చిన మిఠాయిలో కొంచెం కూడా పెట్టాను.

బాగా చేశావు, ఎవరికీ చెప్పకుండా. ఇకముందూ చెప్పకు. అంతా ఆలోచించాను. పోయిన గుర్రం ఎక్కడుంటే నీకెందుకు? కోడలు ఇంటి గుట్టు బయటపెట్టిందంటే ఆ ఇంట్లో ఆమెకి ఇక నీళ్ళు కూడా పుట్టవు. ఎర్మెక్ దాచితే దాచాడు. మగవాళ్ళ సంగతి మగవాళ్ళు తేల్చుకుంటారు. ఇషెన్‌కి నాలుగు గుర్రాలున్నాయి, ఎక్కడైనా బతుకుతాడు. నీ సంసారం నువ్వు కాపాడుకో.

అధికారి ఆగస్టులో స్వయంగా పైకొచ్చి, మీ పెదమామ ముందే ఇషెన్ పర్మిట్ తీసుకుంటాడట. దాదాపు ఖాయం. నువ్వు ఆ రోజు గుడారంలోంచి బయటికి రాకు, సరేనా?

ఒక మాట. ఇషెన్ గుడారం దగ్గర గుర్రాలు కట్టే జాగా పెద్దదేనా? నీళ్ళు దగ్గరేనా? ఊరికే అడిగాను.

నిన్ను ముద్దుపెట్టుకుంటూ
అక్క


పైమేత, కరా-అర్చా
ఆగస్టు మొదట్లో

అక్కకి,

బెక్‌టుర్ బావ వచ్చాడు. కొండగాలికి నడుం బాగుపడుతుందని వచ్చానన్నాడు. అత్తయ్య రొట్టె, వెన్న పెట్టింది. నేను టీ పోశాను. టీ చల్లారకముందే వాగు దాటి వెళ్ళాడు. ఇషెన్ అన్నయ్య యాత్రికులతో వెళ్ళి ఇంట్లో లేని సమయం అది. బావ గుర్రాలు కట్టే జాగాని అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ అడుగులతో కొలిచాడు. వాగులో చెయ్యి పెట్టి చూశాడు. నడుంనొప్పి మనిషి కంచె కర్రని ఊపి చూశాడు.

సయ్రా వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. బావ వెళ్ళాక ఈ ఒడ్డుకొచ్చింది. నాతో మాట్లాడక చాలా రోజులైంది. "మీ బావ మా చోటు చూసుకున్నాడా? నచ్చిందా? కంచె కొంచెం వదులుగా ఉంది, చెప్పు, బిగించి ఇచ్చి పోతాం" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆమె వాగు దాటగానే కాగితం తీశాను. నీకు రాస్తున్నాను.

జాగా పెద్దదేనా అని ఊరికే అడిగావు. ఎవరికీ చెప్పకు అని ఊరికే రాశావు. ఎర్మెక్‌ని చూస్తూ ఉండమన్నావు. నేను నా మొగుడి బూట్లు చూస్తూ ఉంటే నువ్వు వాగు అవతల జాగా చూస్తున్నావు. మొదటి ఉత్తరం నుంచీ అంతేనా, లేక మధ్యలో తట్టిందా? అది ఒక్కటి చెప్పు.

మిఠాయి యాత్రికుల పిల్లలు తిన్నారు. స్కార్ఫు సుబాన్‌కుల్‌తో తిప్పి పంపుతున్నాను.

కనిషాయ్


నరీన్
ఆగస్టు

కనిషాయ్‌కి,

స్కార్ఫు తిప్పి పంపేంత దానివయ్యావన్నమాట. క్యాంటీన్‌లో అందరిముందూ సుబాన్‌కుల్ దాన్ని బల్లమీద పెట్టి, "తీసుకోనంది" అన్నాడు. వాడికి మంతీలు పెట్టలేదు.

అడిగావు కాబట్టి విను. మధ్యలో తట్టింది. నువ్వు బొమ్మ సంగతి రాసిన ఉత్తరం వచ్చిన రోజే అధికారి నా చేతి టీ తాగుతూ, "ఇషెన్ చోటు ఖాళీ అయితే గుర్రాలు తెలిసినవాడు కావాలి" అన్నాడు. నేను "మా ఆయన ఉన్నాడు" అన్నాను. అంతే. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందే ఉంటుంది. మీ బావ రష్యాలో ఇటుకలు మోసి మోసి నడుం విరగ్గొట్టుకుని వచ్చాడు. ఇక్కడ గేటు దగ్గర కాపలా పని కూడా ఇవ్వలేదు. గుర్రం ఎక్కితే మాత్రం ఆయనకి నొప్పి తెలియదు. రోజంతా గోడవైపు తిరిగి పడుకునే మనిషితో ఒక శీతాకాలం కాపురం చేసి, అప్పుడు నాకు స్కార్ఫు తిప్పి పంపు.

ఇషెన్‌ని దొంగ అని నేను అనలేదు. అన్నవాళ్ళని ఆపలేదు. ఆ రెండూ ఒకటే అంటావు, తెలుసు. నాకు ఒకటి కాదు.

అయినా నీ మొగుడే దొంగ అయితే దానికి నేనేం చెయ్యను?

గులాయిమ్


పైమేత, కరా-అర్చా
ఆగస్టు

అక్కకి,

నీమీద కోపం పోలేదు. కానీ ఇది చెప్పడానికి నాకు వేరే మనిషి లేదు.

మావారు దొంగ కాదు.

నిన్న ఆయన యాత్రికులతో పచ్చరాళ్ళ దారి ఎక్కుతుంటే గుడారం ముందునుంచి చివరిదాకా చూశాను. వరసగా గుర్రాలు, ముందు ఆయన టోపీ. అటే వెళ్ళారు. లోపలికొచ్చి బార్లీ సంచి చూశాను. ముడి మారి ఉంది. ఆయన వెళ్ళాక మారింది. అప్పుడు తట్టింది, అత్తయ్య అర్చా కొమ్మలు తెస్తానని పొద్దున్నే గోనెసంచి పట్టుకుని వెళ్ళిందని. కొమ్మలు తేవడానికి ఖాళీ సంచి చాలు. ఆమె భుజంమీద సంచి బరువుగా వేలాడుతోంది.

మూసేసిన లోయ పలక దాటి వెళ్ళాను. రాళ్ళు పడతాయని భయం వేసింది, కానీ లోపల ఉన్నదాని భయమే ఎక్కువ. అర్చా చెట్లు దాటాక చిన్న పచ్చిక. అక్కడ మామగారి గుర్రం. అత్తయ్య ఒడిలోంచి బార్లీ తింటోంది. ఆమె దాని మెడమీద చెయ్యివేసి ఏదో గొణుగుతోంది. చెట్టు చాటునుంచి ఎంతసేపు చూశానో. ఆమె గుర్రం పక్కన రాయి ఎక్కి నిలబడింది. వీపుమీద రెండు చేతులూ వేసింది. ఎక్కబోతోంది అనుకున్నాను. ఎక్కలేదు. దిగింది. మళ్ళీ రాయి ఎక్కింది. మళ్ళీ దిగింది.

"ఎంతసేపు నిలబడతావక్కడ? రా" అంది, నావైపు తిరగకుండానే.

వెళ్ళాను.

"నీ మొగుడికి చెప్పావా?"

"లేదత్తయ్యా. ఆయనే అనుకున్నాను."

ఆమె నవ్వింది. "వాడా? వాడు వీలైనప్పుడల్లా ఇషెన్ వెనకాల గుట్టలెక్కి దాక్కుని చూస్తున్నాడు, గుర్రం దొరుకుతుందేమోనని. ఈ లోయ అంచుదాకా వచ్చి వెనక్కిపోయాడు రెండుసార్లు. స్నేహితుడి వెంటపడుతున్నానని చెప్పుకోడానికి వాడికి సిగ్గు. అందుకే నీకు పచ్చరాళ్ళు అని చెబుతాడు."

"మామగారంటే అంత ప్రేమా అత్తయ్యా, ఆయన గుర్రాన్ని కొయ్యనివ్వలేక..."

"ప్రేమ!" ఆమె ఒడి దులుపుకుంది. "నేను పెళ్ళికాకముందు పందేల్లో మగపిల్లల్ని వెనక్కినెట్టిన దాన్ని, పిల్లా. అడుగు మా ఊళ్ళో. ఈ ఇంటికొచ్చాక పాలు పిండే గుర్రాలే నావి. ఇది పుట్టినప్పుడు నా కొంగుతో తుడిచాను. నేనే పాలు పట్టాను. ఒక్కసారి ఎక్కుతానంటే, 'నడక చెడుతుంది' అన్నాడు మీ మామ. చచ్చేదాకా అదే మాట. ఇప్పుడు చచ్చాక కూడా తనే తీసుకుపోతాడట. నేనే తోక కత్తిరించి పంపాలట. కత్తిరించాను. పంపాలంటే చేతులు రాలేదు."

"మరి ఎక్కకుండా ఎందుకు దిగుతున్నారు?"

"భయం" అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. "ఆయన్ని కాలినడకన నడిపిస్తానేమోనని."

నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మాట్లాడొచ్చని నాకు తెలియదు. "ఇషెన్ అన్నయ్య పర్మిట్ పోతోందత్తయ్యా" అన్నాను.

"నేను అతని పేరు ఎత్తలేదు. మీ పెదమామ ఎత్తాడు. నేను ఊరుకున్నానంతే."

నీ ఉత్తరంలోనూ అదే ఉంది అక్కా. ఆమె కూడా చెయ్యి అలాగే తిప్పింది, నువ్వు తిప్పుతావే, అలా.

నేను నోరు విప్పితే పెదమామగారు ఈ వయసులో ఆమెని వంశం ముందు నిలబెట్టి కడుగుతారు. విప్పకపోతే ఇషెన్ అన్నయ్య కొండ దిగిపోతాడు. నువ్వేం చేస్తావో అడగను. నువ్వేం చేశావో తెలుసు. అయినా రాయి.

కనిషాయ్


నరీన్
ఆగస్టు

కనిషాయ్‌కి,

ఆదివారం వస్తున్నారు, అధికారీ మీ పెదమామా. మీ బావ కూడా వాళ్ళ జీపులోనే వస్తాడు. వద్దని చెప్పాను, వినలేదు. చెప్పాను అంటే నువ్వు నమ్మవు, సరే.

గుర్రం దానంతటదే దొరికిందని చెప్పి ఎర్మెక్ చేత మందలోకి తోలించు. మీ అత్త పేరు రాదు, ఇషెన్ బతుకుతాడు. ఇంతకంటే నాకు తెలియదు. ఈ సలహాలో నాకేం లాభం ఉందో వెతుక్కో. లేదు.

అక్క


పైమేత, కరా-అర్చా
సెప్టెంబరు

గులాయిమ్ అక్కకి,

బెక్‌టుర్ బావ ఏం చెప్పాడో నాకు తెలియదు. జరిగింది నేను రాస్తాను.

నీ సలహా గురించి రెండు రోజులు ఆలోచించాను. దొరికిందని తోలుకొస్తే, అధికారి వస్తున్నాడని భయపడి ఇషెనే వదిలేశాడంటారు. దొంగ పేరు అలాగే ఉంటుంది. గుర్రమూ చస్తుంది. అత్తయ్య ఆ మాంసం తన చేత్తో వడ్డించాలి. అందుకని వదిలేశాను. కానీ అది నా మంచికోరి రాసిందని నమ్మాను. అది నీకు తెలియాలి.

ఆదివారం అందరూ కూడలి దగ్గర పరుపులమీద కూర్చున్నారు. పెదమామగారు, అధికారి, మావారు, బావ. ఇషెన్ అన్నయ్య కూర్చోలేదు, పర్మిట్ కాగితం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను టీ పోసి, నీళ్ళకి అని బిందె తీసుకుని బయటపడ్డాను. బిందె పలక దగ్గర పెట్టేసి లోయలోకి పరిగెత్తాను.

అత్తయ్య ఎక్కి దిగిన రాయే ఎక్కాను. నేను నిలబడి ఆలోచించలేదు. ఆలోచిస్తే నేనూ దిగేదాన్ని. జీను లేదు, కళ్ళెం బదులు మెడకి నా నడుం గుడ్డ కట్టాను. అక్కా, దాని నడక గురించి నువ్వు రాసింది నిజమే. పరుగెడుతున్నా నా కింద ఏమీ కదలలేదు.

లోయలోంచి బయటికొస్తే సైకిళ్ళ దారే తగులుతుంది. పైనుంచి దిగుతున్నవాళ్ళు కీచుమని ఆపి, సైకిళ్ళు గట్టున పెట్టి నిలబడ్డారు. ఎర్రరాళ్ళ వెంట నేరుగా కూడలిలోకి దిగాను.

ముందు లేచింది అధికారి. "ఏయ్, ఏయ్! అది సైకిళ్ళ దారి! గుర్రాలు రాకూడదక్కడ!"

అప్పుడు పెదమామగారు తోక చూశారు. చేతిలో గిన్నె ఒలికింది. "దిగు! దిగవే! అది ఎవరి గుర్రమో తెలుసా?"

ఆయనతో నేను ఎప్పుడూ నేరుగా మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. అత్తయ్యవైపు తిరిగి అందరికీ వినపడేలా అన్నాను. "అత్తయ్యా, దీన్ని నేనే దాచాను. వేసవంతా నేనే ఎక్కాను. ఇషెన్ అన్నయ్యకి దీని సంగతే తెలియదు."

మావారు లేచారు. "నువ్వా? నీకు గుర్రమెక్కడం వచ్చా?" ఆయన అడిగింది అదే. ఇంకేమీ తోచలేదు కాబోలు.

"వంశం పరువు తీసిందిరా నీ పెళ్ళాం!" పెదమామగారు పరుపుమీంచి లేచారు. "దీన్ని ఈ రోజే పుట్టింటికి పంపు. నా తమ్ముణ్ణి కాలినడకన నడిపించింది!"

నేను అత్తయ్యనే చూస్తున్నాను. ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోమనే కదా నేనా మాట అన్నది. ఆమె కుమిస్ కర్ర తోలుతిత్తిలోనే వదిలి, చేతులు తుడుచుకుంటూ తాపీగా వచ్చింది. గుర్రం మెడకి కట్టిన గుడ్డ పట్టుకుంది.

"దిగు పిల్లా" అంది.

దిగాను.

"అబద్ధం చెప్పడం దీనికి చేతకాదు బావగారూ. ఎక్కింది ఈ ఒక్కసారే, దాచింది నేను" అంది పెదమామగారితో. "నడిస్తే నడుస్తాడు మీ తమ్ముడు. నేను ఈ ఇంటికొచ్చినప్పట్నించీ నడుస్తూనే ఉన్నాను, కాళ్ళేమీ అరగలేదు." నావైపు తిరిగి, "చెయ్యి పట్టు" అంది. నేను రెండు చేతులూ కలిపి పట్టాను. ఆమె కాలు పెట్టి ఎక్కింది. మావారి జీను తెమ్మని కూడా అడగలేదు. ఇషెన్ అన్నయ్యని చూసి మాత్రం గుర్రాన్ని ఒక్క క్షణం ఆపింది. "నీకు తప్పు చేశాను ఇషెన్" అంది. బదులు కోసం ఆగకుండా పచ్చరాళ్ళ దారి పట్టుకుని వెళ్ళిపోయింది. పొద్దువాలేదాకా రాలేదు.

అధికారి పర్మిట్ కాగితం అడగకుండానే జీపెక్కాడు. పోతూ పోతూ, సైకిళ్ళ దారిలో గుర్రం నడిపినందుకు మా ఇంటికి హెచ్చరిక రాస్తానన్నాడు. రాయనీ.

పెదమామగారు ఆష్ మానెయ్యలేదు. ఆ గుర్రానికి బదులు రెండు ఆడగుర్రాలు కోస్తున్నాం. అత్తయ్యతో మాట్లాడరు. నాతో ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి తేడా తెలియదు. మావారితో, నేను ఆయన్ని అనుమానించానని చెప్పాను. ఇషెన్ వెంట ఆయన గుట్టలెక్కిన సంగతి నాకు తెలుసనీ చెప్పాను. ఆయన చాలాసేపు బూట్లకి నూనె రాశారు. తర్వాత వాగు దాటి వెళ్ళారు. ఇషెన్ అన్నయ్య లోపలికి రమ్మనలేదట. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. సయ్రా వదిన నాకింకా చెయ్యెత్తదు. నేనే ఎత్తుతున్నాను, రోజూ.

ఆష్ ఈ నెల చివర్లో. వంటకి నువ్వు రావాలి, అంతమందికి పిండి కలపడం నా వల్ల కాదు. బావని తీసుకురా. ఇషెన్ అన్నయ్యనీ పిలిచాను. వాళ్ళిద్దర్నీ ఒకే పళ్ళెం దగ్గర కూర్చోబెడతాను. వడ్డన ఈసారి నాది. బావ అడుగులతో కొలిచిన జాగా గురించి ఇషెన్ అన్నయ్యతో తన నోటితో చెప్పుకోవాలి. రానంటే బలవంతపెట్టకు. అప్పుడు ఎందుకు రాలేదో అందరిముందూ నేనే చెబుతాను. నాకు ఇప్పుడు మాట్లాడటం వచ్చు.

నీ చెల్లెలు
కనిషాయ్